బతికిన ఎరతో లోతు వేట: శ్రీకాకుళం తీరంలో తరచుగా అడిగే ప్రశ్నలు

కళింగపట్నం నుంచి భావనపాడు దాకా ఏ రేవులో కూర్చున్నా, గాలం వేటలోకి కొత్తగా దిగిన కుర్రాళ్ళు అడిగే ప్రశ్నలు దాదాపు అవే. మన ఊళ్ళలో వల వేట నేర్పేవాళ్ళు ఇంటికొకరున్నారు. బతికిన ఎరతో గాలం వెయ్యడం నేర్పేవాళ్ళు తక్కువ. మా నాన్న దగ్గర నేర్చుకున్నదీ, ఆ తర్వాత ఇరవై ఏళ్ళు నేనే చేస్తూ తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను. ఫైబరు బోటు, బయట తగిలించే ఇంజను, ముగ్గురు నలుగురు మనుషులు, పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే వేట, నా మాటలన్నీ ఈ లెక్కలోవే.

ఐసులో పెట్టిన కవళ్ళతో, అంటే ఎరగా వాడే చిన్న చేపలతో, పని జరగదా? బతికిన ఎర కోసం అంత కష్టం ఎందుకు?

కొన్ని చేపలకి జరుగుతుంది. సొరకి, జెల్లకి, టేకుకి చచ్చిన ఎర చాలు, వాసన పట్టుకుని వస్తాయి. వంజరం, సూర (టూనా), కొమ్ముకోనెం అలా కాదు. అవి కళ్ళతో వేటాడే చేపలు. మందలోంచి విడిపోయి తడబడే చిన్న చేప ఒంటి మెరుపూ, అది తోక కొట్టినప్పుడు నీటిలో పుట్టే అదురూ వాటిని రప్పిస్తాయి. చేప ఒంటి పక్కన తల నుంచి తోక దాకా ఒక గీత ఉంటుంది, చూసే ఉంటారు. ఆ అదురుని అది ఆ గీతతోనే పసిగడుతుంది. చచ్చిన ఎరలో అదురు ఉండదు కాబట్టి దాన్ని లాక్కుంటూ తిప్పాలి. అంటే ఇంజను ఆగకూడదు, ఆయిలు కాలుతూనే ఉండాలి. బతికిన ఎర వేశాక ఇంజను ఆపి కూర్చోవచ్చు. మా నాన్న ఈ వేటకి మళ్ళింది ఆ ఆయిలు ఖర్చు చూసుకునే.

ఏ చేప ఎరగా ఎక్కువసేపు నిలుస్తుంది?

చిన్న పారలు. ఎరని బతికించడానికి బోటులో పెట్టుకునే నీళ్ళ డ్రమ్ములో అరచేతంత పార పొద్దంతా నిలుస్తుంది, గాలానికి గుచ్చాక కూడా గంటసేపు ఈదుతుంది. కానాగంత వంజరానికి చాలా ఇష్టం గానీ దానికి గాలి ఎక్కువ కావాలి. నీళ్ళు ఆగితే ముందు పోయేది అదే. కవళ్ళు మెరుపులో అన్నిటికంటే మేలు, ఓపికలో అన్నిటికంటే తక్కువ. చేత్తో పట్టుకుంటే పొలుసు రాలిపోతుంది, పొలుసు రాలినది అరగంట నిలవదు. బతికిన స్క్విడ్ దొరికితే అదృష్టమే, కానీ దాన్ని వేరే డ్రమ్ములో ఉంచాలి. సిరా వదిలిందంటే మిగతా చేపల ఊపిరి ఆగిపోతుంది.

ఎరని ఎలా పట్టాలి? వలలో పడినవి పనికిరావా?

కట్టువలలో మొప్పల దగ్గర ఇరుక్కున్న చేప బయటికి బాగానే కనిపిస్తుంది. లోపల మొప్ప నలిగిపోయి ఉంటుంది. డ్రమ్ములో వేసిన కాసేపటికి ఒక పక్కకి వాలిపోతుంది. ఒకే తంగూసుకి (నైలాను తాడుకి) అయిదారు చిన్న గాలాలు, ఒక్కోదానికి రవ్వంత ఈకో మెరిసే దారమో కట్టి, కింద గుండు పెట్టి దింపితే పారలూ కానాగంతలూ వరసగా ఎక్కుతాయి. తీరం దగ్గరయితే విసురువల మంచిదే, వలని నీటి అంచు దాటి పైకి ఎత్తకుండా మగ్గుతో ముంచి తీసుకుంటే.

చేప ఒంటికి పొడిచెయ్యి తగలకూడదు. ఎరని చేత్తో తీసే ముందు చెయ్యి సముద్రపు నీటిలో తడపండి. చేప మీద ఉన్న జిగురు పొర పోతే ఉప్పునీళ్ళు దాని ఒంట్లో నీటిని లాగేస్తాయి.

ఎక్కడ పట్టాలంటే, తెల్లవారకముందు, నాలుగు బారల నుంచి పది బారల లోతులో (బార అంటే దాదాపు ఆరడుగులు), నీటి మీద చినుకులు పడుతున్నట్టు కనిపించే చోట. కింద రాళ్ళుంటే ఇంకా మేలు. విజయనగరం వైపు చింతపల్లి దగ్గర నీటిలో దాగిన రాళ్ళున్నాయి. బారువ దగ్గర అడుగున పాత ఆవిరి ఓడ ఒకటి పడి ఉంది. ఇలాంటి చోట్ల చిన్న చేప చేరుతుంది, దాని వెనక పెద్దది వస్తుంది.

రాత్రి పెద్ద లైటు పెట్టి ఎర పట్టుకోవచ్చా?

వద్దు. ఎల్ఈడీ లైట్లు, జనరేటరు వెలుగు పెట్టి చేపని పోగుచేసి పట్టడాన్ని కేంద్రం 2017లోనే నిషేధించింది. నిషేధం సంగతి అలా ఉంచినా, గుడ్డూ పిల్లా తేడా లేకుండా మొత్తం తుడిచిపెట్టే పని అది. ఇరవై ఎరల కోసం అంత అక్కర్లేదు.

డ్రమ్ము ఎలా ఉండాలి? నాది మధ్యాహ్నానికి మొత్తం చచ్చిపోతోంది.

ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే.

మొదట ఆకారం. నాలుగు మూలల పెట్టె వద్దు. కవళ్ళూ కానాగంతలూ ఈదుతూనే ఉండాలి, ఈదితేనే వాటి మొప్పల్లోకి నీళ్ళు వెళతాయి. మూలలుంటే అక్కడికి పోగై ముక్కులు కొట్టుకుని చస్తాయి. గుండ్రటి నీలం ప్లాస్టిక్ డ్రమ్ము చాలు. రసాయనాలు మోసిన డ్రమ్ము మాత్రం ఎంత కడిగినా వద్దు.

తర్వాత నీళ్ళు. బ్యాటరీ మీద నడిచే చిన్న పంపుతో సముద్రపు నీటిని ఒక పక్క నుంచి వాలుగా పోనిస్తే నీరు సుడి తిరుగుతుంది, చేపలు దానికి ఎదురీదుతూ కుదురుగా ఉంటాయి. పైన ఒక గొట్టం పెట్టి అంతే నీరు బయటికి వదలాలి. నీరు మారుతూ ఉంటే చేప వదిలే మలినం కూడా పోతుంది. బుడగలు కొట్టే పంపు ఒక్కటే పెడితే గాలి అందుతుంది గానీ మలినం పోదు. అందుకే బుడగల పంపు ఉన్నవాళ్ళు కూడా అరగంటకోసారి సగం నీళ్ళు తోడి కొత్తవి పోయాలి. ఎండాకాలంలో పై నీరు 30 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, వేడి నీటిలో కరిగే గాలి తక్కువ. చలికాలంలో ఇరవై నిలిచిన డ్రమ్ములో ఎండాకాలం పన్నెండే నిలుస్తాయి. తడిగుడ్డ కప్పి నీడన పెట్టండి. ఐసు నేరుగా నీటిలో వెయ్యకండి. ఐసు మంచినీరు, పైగా ఒక్కసారిగా చల్లబడితే చేప బిగుసుకుపోతుంది.

200 లీటర్ల డ్రమ్ములో నేను వేసేది అరచేతంత చేపలు పదిహేను, మహా అయితే ఇరవై. ముప్పై వేసినవాడికి మధ్యాహ్నానికి పది మిగులుతాయి. పదిహేను వేసినవాడికి పదమూడు. ఒక్కటి చచ్చినా వెంటనే తియ్యాలి.

ఇక బరువు, ఇది ఎవరూ అడగరు. 200 లీటర్ల ఉప్పునీళ్ళంటే ముగ్గురు మనుషుల బరువు. దాన్ని బోటు నడిమధ్యన, అడుగుకి ఆనించి, నాలుగు పక్కలా తాళ్ళతో కట్టాలి, మూత ఉండాలి. సగం నిండిన డ్రమ్ము నిండు డ్రమ్ము కంటే ప్రమాదం. బోటు ఒరిగినప్పుడు లోపలి నీరంతా ఒరిగిన పక్కకే పరిగెత్తి ఇంకా ఒరిగేలా చేస్తుంది. డ్రమ్ము అంచుదాకా నిండి ఉండాలి, లేదంటే పూర్తిగా ఖాళీ. సముద్రం లేచినప్పుడు ఏం చెయ్యాలన్న ప్రశ్న దగ్గర మళ్ళీ దీనికి వస్తాను.

పట్టినప్పుడు బాగున్న ఎర, వానాకాలం డ్రమ్ములో ఎందుకు తేలిపోతుంది?

ఏటి నీళ్ళ వల్ల. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వంశధార, నాగావళి ఎర్రగా పొంగినప్పుడు ఆ మంచినీరు ఉప్పునీటి మీద తెట్టులా తేలి తీరం వెంట పరుచుకుంటుంది. ఏరు సముద్రంలో కలిసే మొగల దగ్గర, అంటే కళింగపట్నం దగ్గరా, కళ్ళేపల్లి దగ్గరా ఇది కంటికే కనిపిస్తుంది. మీ పంపు లాగేది పై నీటినే. బయట మంచి ఉప్పునీటిలో పట్టిన చేపని తెచ్చి ఆ బురదనీటిలో తిప్పితే ఒండ్రు మొప్పల్లో చేరుతుంది, ఉప్పు చాలదు. డ్రమ్ముని నీలం నీటిలోనే నింపండి. ఎర్రనీటిలోంచి దాటేటప్పుడు పంపు ఆపి, బుడగలు మాత్రం ఉంచండి.

ఆ ఎర్రనీరూ నీలం నీరూ కలిసే చోట ఒక గీత కనిపిస్తుంది. నురగ, ఆకులు, కొమ్మలు దాని వెంట తేలుతూ ఉంటాయి. ఆ గీతకి నీలం పక్కన గాలం వెయ్యండి. చిన్న చేప గీత వెంట మేస్తుంది, వంజరం శుభ్రమైన నీటిలో ఉండి దాని కోసం చూస్తుంది. నా చేతికి వచ్చిన పెద్ద వంజరాల్లో సగం పైగా ఇలాంటి గీత పక్కన వచ్చినవే.

గాలం ఎర చేపకి ఎక్కడ గుచ్చాలి?

నీటివాలుని, అంటే నీరు పోయే దిక్కునీ జోరునీ బట్టి. బోటు వాలుకి కదులుతున్నప్పుడు, లేదా నెమ్మదిగా లాగేటప్పుడు ముక్కు రంధ్రాల దగ్గర అడ్డంగా గుచ్చాలి. నీరు ముందు నుంచి వస్తుంది, చేప నిటారుగా ఈదుతుంది. లంగరు వేసి నీరు నిలకడగా ఉన్నప్పుడు వీపు మీద, పై రెక్కకి కాస్త ముందు, తోలు కింద మాత్రమే గుచ్చాలి. లోతుగా దిగితే వెన్నుకి తగిలి అక్కడే చస్తుంది. ఎర పై నుంచి కిందికి పోవాలంటే తోక వైపు గుచ్చండి, అది తల కిందికి పెట్టి దిగుతుంది.

గాలం విషయంలో నా మాట సర్కిల్ హుక్ అనే గుండ్రటి గాలమే. మొన నేరుగా కాకుండా లోపలికి వంగి ఉంటుంది. చేప మింగి మళ్ళినప్పుడు అది జారి మూతి మూలన పడుతుంది. దీనితో ఒక అలవాటు మార్చుకోవాలి. తగిలిందనగానే గట్టిగా గుంజకూడదు. గుంజితే నోట్లోంచి బయటికి వచ్చేస్తుంది. తాడు బిగిసేదాకా ఆగి, నిదానంగా లాగితే చాలు. పాత చేతులకి ఇది కష్టంగా ఉంటుంది. మా నాన్న చివరిదాకా గుంజుతూనే ఉండేవాడు.

తీగ కట్టాలా, తంగూసు చాలా?

వంజరానికి తీగ లేకపోతే తాడు కోసుకుపోతుంది, దాని పళ్ళు కత్తెరలాంటివి. జానెడు నుంచి మూరెడు సన్నని స్టీలు తీగ చాలు. సూరకి తీగ వద్దు, దానికి చూపు బాగా ఉంటుంది, నీరు తేటగా ఉన్న రోజు తీగ ఉన్న ఎరని ముట్టదు.

సముద్రం మారుతోందని ముందే ఎలా తెలుసుకోవాలి?

బయల్దేరే ముందు ఒడ్డున నిలబడి కెరటాలని లెక్కపెట్టండి. ఒక కెరటం విరిగాక తర్వాతది విరగడానికి ఎన్ని సెకన్లు? ఆరు, ఏడు అయితే అది దగ్గరి గాలి లేపిన కెరటం. గాలి తగ్గితే తగ్గుతుంది. పన్నెండు దాటితే అది ఎక్కడో దూరాన పుట్టి వస్తున్న ఉబ్బు. అది లోతులో పడవని మెల్లగా ఎత్తి దింపుతుంది, ఏమీ కాదనిపిస్తుంది. ఒడ్డున లోతు తగ్గేచోటికి వచ్చాక గోడలా లేస్తుంది. లోతులో ప్రశాంతంగా ఉందని వేటలో ఉండిపోయినవాడు తిరిగి వచ్చేటప్పుడే దెబ్బ తినేది.

ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర గాలే లేకుండా ఇలాంటి ఉబ్బు వస్తుంది. దక్షిణాన హిందూ మహాసముద్రంలో రేగిన తుఫానుల నుంచి రోజుల తరబడి ప్రయాణం చేసి వచ్చేది అది. కేరళవాళ్ళు దీన్ని కల్లక్కడల్ అంటారు, దొంగ సముద్రం అన్న అర్థంలో. హైదరాబాదులో ఉన్న సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ దీనికి ముందుగా హెచ్చరిక ఇస్తుంది.

సెప్టెంబరు చివర నుంచి నవంబరు దాకా ఆగ్నేయం నుంచి ఉబ్బు పెరుగుతుంటే, గాలి ఆగి ఉక్కపోస్తుంటే, ఎత్తున పల్చని ఈకల్లాంటి మబ్బులు ఒక దిక్కు నుంచి విసనకర్రలా పరుచుకుంటుంటే, రేడియో వినకపోయినా వెళ్ళకండి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నానికి కాస్త ఉత్తరాన దాటింది. మన తీరానికి దసరా ముందూ వెనకా రోజులు ఎలాంటివో ఈ తేదీలే చెబుతాయి.

ఎండాకాలపు గాలివాన సంగతి వేరు. అది వాయవ్యం నుంచి, నేల వైపు నుంచి వస్తుంది, మన వీపు వెనక. మధ్యాహ్నం మూడు దాటాక పడమటి ఆకాశంలో నల్లటి మబ్బు పైకి లేస్తుంటే అరగంట, ముప్పావుగంట మాత్రమే ఉంటుంది మీ చేతిలో. వేడిగాలిలో ఉన్నట్టుండి చల్లగాలి తగిలిందంటే ఆ సమయం కూడా అయిపోయినట్టే. అది బోటుని లోతుకి తోస్తుంది. ఆ గాలికి ముక్కు ఎదురు పెట్టి, ఇంజను నెమ్మదిగా నడుపుతూ నిలబడాలి. అడ్డంగా తిరగకూడదు.

చేపలు ముందే పసిగడతాయనీ, డ్రమ్ములో ఎర అడుగుకి దిగితే గాలి వస్తుందనీ చెప్పే పెద్దవాళ్ళున్నారు. నేనూ రెండు మూడుసార్లు చూశాను. గాలి రాని రోజుల్లో కూడా ఎర అడుగుకి దిగడం అంతకంటే ఎక్కువసార్లు చూశాను. దాని మీద నలుగురి ప్రాణం పెట్టలేను.

గాలి అంత లేదు గానీ కెరటం మాత్రం పొట్టిగా నిటారుగా లేస్తోంది. ఎందుకలా?

గాలీ నీటివాలూ ఎదురెదురుగా ఉన్నాయి కాబట్టి. మన తీరం వెంట నీరు ఏడాది పొడుగునా ఒకే దిక్కున పోదు. ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, ఒడిశా వైపు పోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి, విశాఖ వైపు పోతుంది. గాలీ వాలూ ఒకే దిక్కున ఉంటే కెరటం పొడుగ్గా సాగుతుంది. అక్టోబరులో అల్పపీడనం ఒడిశా ఎక్కేశాక మన దగ్గర గాలి దక్షిణం నుంచి వీయడం మొదలవుతుంది, వాలు ఇంకా దక్షిణానికే పోతూ ఉంటుంది. వాయుగుండం దాటిపోయింది కదా అని బయల్దేరినవాళ్ళు ఆ రోజు తడిసి వస్తారు.

ఎర విషయానికొస్తే, వాలు బలంగా ఉన్న రోజు వీపుకి గుచ్చిన ఎర నీటిలో గిరగిరా తిరిగి చస్తుంది, తాడు మెలిపడుతుంది. ముక్కుకి మార్చండి. తాడు నీటిలోకి దిగే తీరు చూడండి. నిలువు కంటే అడ్డానికి దగ్గరగా ఉంటే ఎర పైపైనే తేలుతున్నట్టు. గుండు బరువు పెంచండి.

లంగరు వెయ్యాలా, వాలుకి వదలాలా?

రాళ్ళ మీదయితే లంగరు. మిగతా చోట్ల వాలుకి వదలడమే, కాకపోతే ముక్కు వైపు నుంచి నీటి గొడుగు ఒకటి దింపండి. గుడ్డతో కుట్టిన పెద్ద గరాటు లాంటిది, తాడుకి కట్టి వదిలితే నీటితో నిండి బోటు జారడాన్ని తగ్గిస్తుంది, ముక్కుని గాలికి ఎదురుగా ఉంచుతుంది. ఇంజను చెడిపోయిన రోజు కూడా అదే మిమ్మల్ని కాపాడేది. లంగరుని ఎప్పుడూ వెనక నుంచి కట్టకండి. వెనక భాగం పల్లంగా ఉంటుంది, ఒక్క కెరటం లోపలికొస్తే ఇంజను బరువుతో అక్కడే మునుగుతుంది.

ఎర బతికే ఉంది, చేప తగులుతోంది, సముద్రం మాత్రం చెడుతోంది. ఎంతసేపు ఉండొచ్చు?

ఈ ప్రశ్న కోసమే ఇదంతా రాయడం మొదలుపెట్టాను.

ఒక నవంబరులో మేం నలుగురం వెళ్ళాం. తెల్లవారుజామున మూడు గంటలు కష్టపడి పద్దెనిమిది పారలు పట్టాం. మొదటి గంటలోనే రెండు వంజరాలు వచ్చాయి. పదకొండు గంటలకి ఉబ్బు పెరుగుతోందని మా బావ అన్నాడు. నేనూ చూశాను. డ్రమ్ములో ఇంకా పన్నెండు ఎరలు చకచకా తిరుగుతున్నాయి. ఇంకో గంట అన్నాను. ఆ గంట తర్వాత ఇంకో గంట. తిరిగి ఒడ్డు దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలింది. పొద్దున విరగని చోట కెరటాలు విరుగుతున్నాయి. సగం నిండిన డ్రమ్ము నడుమ ఉంది, ఎరలింకా అందులోనే ఉన్నాయి. రెండో వరస కెరటం మీద బోటు అడ్డం తిరిగి బోర్లా పడింది. నలుగురం ఒడ్డుకి చేరాం. మా బావ భుజం జారింది, ఇప్పటికీ ఆ చెయ్యి తల పైకి లేవదు. ఇంజను పోయింది. తప్పు నాదే, ఇంకెవరిదీ కాదు.

వల వేటలో వల తీసేశాక పని అయిపోయినట్టు తెలుస్తుంది. బతికిన ఎర అలా తెలియనివ్వదు. అది కళ్ళముందు ఈదుతున్నంతసేపూ కష్టం వృథా అవుతోందనిపిస్తుంది. సులువుగా దొరికిన రోజు ఎవరికీ పట్టింపు ఉండదు. చెమటోడ్చి పట్టిన రోజే వదలబుద్ధి కాదు.

అందుకే ఇప్పుడు మా బోటులో ఒడ్డున ఉండగానే రెండు మాటలు అనుకుంటాం. ఒకటి, తిరిగే వేళ. రెండు, తిరిగే గుర్తు: చూపు ఆనేంత దూరంలో దాదాపు ప్రతి కెరటం కొన తెల్లగా విరిగితే, లేదా ఉబ్బు పొద్దున లెక్కపెట్టినదానికంటే మూడు సెకన్లు పొడుగైతే. ఆ రెండిట్లో ఏది ముందొస్తే అప్పుడు తిరుగుతాం. నలుగురిలో ఒక్కరు పోదామన్నా పోవాలి, వాదన లేదు. తిరిగేటప్పుడు మొదటి పని ఎరని సముద్రంలోకి వదిలి డ్రమ్ము ఖాళీ చెయ్యడం. ఖాళీ చేశాక మూత బిగిస్తే బోటు తేలికపడుతుంది, బోర్లా పడ్డా పట్టుకుని తేలడానికి అదే ఆసరా.

తిరిగొచ్చేటప్పుడు కెరటాలు ఎలా దాటాలి?

మన ఊళ్ళలో చాలాచోట్ల హార్బరు లేదు, ఇసుక మీదికే ఎక్కించాలి. కెరటాలు విరిగే వరసకి బయట ఆగి పది నిమిషాలు చూడండి. పెద్దవి గుంపుగా వస్తాయి, నాలుగో అయిదో, తర్వాత కాసేపు తెరిపి. గుంపులో ఆఖరి పెద్దదాని వీపు మీద ఎక్కి, దానితో పాటే రండి. దాని కొనని దాటి ముందుకి పోతే ముక్కు నీటిలో గుచ్చుకుంటుంది. వెనకబడితే తర్వాతది వెనక నుంచి లోపలికొస్తుంది. ఇంజను వేగం ఒకేలా ఉంచాలి. అందరూ బెల్టులు, అంటే లైఫ్ జాకెట్లు, దాటకముందే తొడుక్కోవాలి. దాటేటప్పుడు తొడుక్కునే తీరిక ఉండదు.

వంశధార మొగలోంచి వచ్చేవాళ్ళు పాటు నీటిలో రావద్దు. ఏటి నీరు బయటికి పోతూ కెరటాలకి ఎదురైతే మొగ దగ్గర ఇసుక దిబ్బ మీద కెరటం రెండింతలు లేస్తుంది. పోటు వచ్చేదాకా బయట ఆగండి. చీకటి పడిపోయి, ఒడ్డు తెల్లగా కనిపిస్తుంటే రాత్రంతా బయట నీటి గొడుగు మీద ఉండటమే మేలు. అందుకే ఎప్పుడూ ఒక పూట తిండీ మంచినీళ్ళూ ఎక్కువ తీసుకెళ్ళాలి.

అమావాస్య, పౌర్ణమి వేటకి మంచివా?

ఆ రోజుల్లో పోటుపాట్లు ఎక్కువ, నీరు బాగా కదులుతుంది, వంజరం చురుగ్గా ఉంటుంది. అష్టమి ముందూ వెనకా నీరు మందం. పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ వస్తుంది, నిన్నటి వేళ పట్టుకుని ఈరోజు లెక్కేసుకోవచ్చు.

ఇన్‌కాయిస్ చెప్పే చేపల చోటు నమ్మొచ్చా?

నమ్మొచ్చు, దాని పరిమితి తెలిస్తే. ఉపగ్రహం నుంచి నీటి వేడినీ, నీటిలోని పచ్చదనాన్నీ చూసి, ఫలానా రేవు నుంచి ఫలానా దిక్కున, ఇంత దూరంలో, ఇంత లోతులో చేప ఉండే వీలుందని చెబుతారు. మబ్బు కమ్మితే ఉపగ్రహానికి ఆ నీరు కనిపించదు, వేట నిషేధ కాలంలో ఈ సమాచారం ఇవ్వరు. నేను అంతకంటే ఎక్కువగా చూసేది వాళ్ళిచ్చే కెరటాల సూచన: ఎత్తు, దిక్కు, రెండు కెరటాల మధ్య సెకన్లు. ఆ సెకన్లని మీరు ఒడ్డున లెక్కపెట్టినదానితో సరిపోల్చండి. గాలి గంటకి 45 కిలోమీటర్లు దాటే సూచన ఉంటే వాతావరణ శాఖ వేటకి వెళ్ళొద్దని చెబుతుంది. కళింగపట్నం రేవులో ఎగరేసే హెచ్చరికల్లో 1, 2 నంబర్లు దూరాన ఉన్నదానికి. 3 అంటే ఈదురుగాలి మన రేవుకే వస్తోందని. నా లెక్కలో 1 ఎగిరిన రోజు కూడా చిన్న బోటు ఇసుక మీదే ఉండాలి.

తాడు చేతికి చుట్టుకోవచ్చా?

ఎప్పుడూ వద్దు. మా నాన్న కుడిచేతి చిటికెన వేలు సూర పట్టుకుపోయింది.

గాలానికి తాబేలు తగిలితే?

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి మన ఇసుకకి వస్తాయి. 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి అది. తాడుతో ఎత్తకండి, లోపల గాయమవుతుంది. చిక్కంతో ఎత్తి, గాలం కనిపిస్తుంటే ముల్లు కత్తిరించి తియ్యండి. లోపలికి మింగి ఉంటే తాడుని నోటి దగ్గరిదాకా కోసి వదిలెయ్యండి. గుండ్రటి గాలం వాడితే మింగడం బాగా తగ్గుతుంది.

ఇచ్ఛాపురం, కవిటి వాళ్ళకి ఒక మాట: ఉత్తరాన రుషికుల్య మొగ దగ్గర ఒడిశా ప్రభుత్వం నవంబరు 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల మేర వేట ఆపుతుంది. వంజరం వెంటపడి తెలియకుండా అందులోకి పోతే బోటు పోతుంది.

నిషేధ కాలంలో గాలం వేట చెయ్యొచ్చా?

ఇంజను బోటుతో చెయ్యకూడదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. ఇంజను లేని తెప్పకి మినహాయింపు ఉంది. ఆ రోజులకి ప్రభుత్వం ఇచ్చే భృతి 20,000 రూపాయలు, 2025 ఏప్రిల్ 26న మన బుడగట్లపాలెంలోనే ఆ పథకం మొదలైంది. బోటు రిజిస్ట్రేషను పత్రాలు సరిగ్గా లేక భృతి అందనివాళ్ళని చూశాను, నిషేధానికి ముందే చూసుకోండి.

పట్టిన సూరకి ధర ఎందుకు రావడం లేదు?

రక్తం తియ్యకపోవడం వల్లా, ఐసు ఆలస్యం వల్లా. పోరాడిన సూర ఒళ్ళు వేడెక్కి ఉంటుంది, అలాగే వదిలేస్తే కండ ఉడికినట్టు పాలిపోతుంది. ఎండలో ఉంచిన సూర తింటే ఒళ్ళు దద్దుర్లు వస్తాయి, ఆ విషం వండినా పోదు. పైకి రాగానే మొప్పల వెనక కోసి రక్తం వదిలి, పేగులు తీసి, చేపంత బరువు ఐసులో కప్పండి.

ఆపదలో ఎవరికి చెప్పాలి?

కోస్టుగార్డు 1554. మెరైన్ పోలీసు 1093. ఫోను సిగ్నలు పోయాక వీహెచ్ఎఫ్ రేడియోలో 16వ ఛానల్. వెళ్ళే ముందు ఏ దిక్కున, ఎన్ని బారల లోతుకి వెళుతున్నారో, ఎన్ని గంటలకి తిరుగుతారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్ళండి.

మిగిలిన ఎరని మర్నాటికి ఉంచుకోవచ్చా?

ఒడ్డున డ్రమ్ములో రాత్రంతా ఉంచితే ఉదయానికి సగం పోతాయి, మిగిలిన సగం నీరసించి గాలానికి పనికిరావు. నీలం నీటిలో ఉండగానే వదిలెయ్యండి, మొగ దగ్గర ఎర్రనీటిలో కాదు. వాలిపోయినవి పులుసుకి వస్తాయి. డ్రమ్ముని ఉప్పునీటితో రుద్ది, ఎండలో బోర్లా పెట్టండి. సబ్బు మాత్రం వాడకండి. దాని జిడ్డు రవ్వంత మిగిలినా మర్నాడు వేసిన ఎర కాసేపటికే తేలిపోతుంది.